పని మానకుండా డిగ్రీ: కర్నూలు, అనంతపురం, కడప వాళ్ల కోసం (లెక్కలు, తేదీలు, కాగితాలు)

తుంగభద్రగట్టు:
ఇంటర్‌తో ఆగిపోయి, ముప్పై నలభై ఏళ్ల వయసులో డిగ్రీ చేద్దామనుకునేవాళ్లు మన పక్క చాలామంది ఉన్నారు. అంగన్‌వాడీ వాళ్లు, కండక్టర్లు, రైల్వే వాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయేవాళ్లు, సేద్యం చేసేవాళ్లు. అందరూ అడిగేది ఒకటే: యాడ చేరాల, వారానికి ఎంతసేపు చదవాల, మధ్యలో యాడ ఆగిపోతాం. వయసుతో పనేముంది, చదువుకోండి అనే మాటలు ఈ చర్చలో వద్దు. చేతికి అందే వివరం రాయండి. కొత్తవాళ్లు ఇది చదివి ఫారం నింపగలగాల.

గుంతకల్లుజంక్షన్:
రెగ్యులర్ సంగతి ముందు తేల్చేద్దాం. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916 నుంచి ఉంది. కర్నూలు, కడపల్లోనూ మంచి ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి. సీటు ఆన్‌లైన్ కౌన్సెలింగులో వస్తుంది. కానీ క్లాసులు పగటిపూట, హాజరు 75 శాతం. డ్యూటీ చేసేవాళ్లకు కుదరదు. 'హాజరు మేం చూసుకుంటాం' అని ఎవరన్నా చెప్పినా దాన్ని నమ్ముకొని చేరొద్దు. ప్రాక్టికల్సు, ఇంటర్న్‌షిప్పు వచ్చేసరికి ఇరుక్కుపోతారు.

మిగిలేది దూరవిద్య. 1982లో మన రాష్ట్రంలోనే మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో, ఇంకా కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య విభాగాలు. ఏది ఎంచుకున్నా డబ్బు కట్టే ముందు, విశ్వవిద్యాలయాల గుర్తింపు చూసే కేంద్ర సంస్థ యూజీసీ ఉంది కదా, దాని దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్ చూడండి. అందరూ 'డెబ్' అంటారు దాన్ని. విశ్వవిద్యాలయం పేరు కనిపిస్తే చాలనుకోవద్దు. మీరు చేరే కోర్సు పేరు, మీరు చేరే విడత, రెండూ అందులో ఉండాల. ఒకే విశ్వవిద్యాలయంలో బీఏకు అనుమతి ఉండి ఇంకో కోర్సుకు లేకపోవచ్చు. పోయిన జులైకి ఉన్నది ఈ జనవరికి ఉంటుందనే భరోసా కూడా లేదు. ఆ పేజీని ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాదులో, అంటే 2014 విభజన తర్వాత పక్క రాష్ట్రంలో ఉంది. మన జిల్లాల్లో ఈ విడత ప్రవేశాలు ఇస్తున్నారా లేదా అన్నది వాళ్ల తాజా ప్రకటనలో చూసుకునే కట్టండి. పాత స్టడీ సెంటర్ బోర్డు గోడమీద ఇంకా ఉందని పోయి కట్టొద్దు.

ఏడురోడ్లు:
ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇగ్నోలో నెగ్గుకు రాగలరా? కడప నుంచి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు.

పాతబస్తీపంతులు:
ఇగ్నో పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. దీనికి ఫీజు కట్టకముందే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. ఇగ్నో పుస్తకాలు చాలావరకు ఈ-జ్ఞానకోశ్ అనే దాని సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు తీసుకోవాలనుకునే సబ్జెక్టులో మొదటి సంవత్సరం పుస్తకం ఒకటి తెరిచి మొదటి యూనిట్ చదవండి. గంటసేపు కూచుని, డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఆరేడు పేజీలు అర్థం చేసుకొని, తెలుగులో ఎవరికన్నా చెప్పగలిగితే చేరొచ్చు. రెండు మూడు పేజీలకే గంట పట్టిందా, అయితే ఇంగ్లీషు మీద ఒక ఆరు నెలలు పెట్టి వచ్చే విడతలో చేరండి. లేకుంటే తెలుగు మీడియం ఇచ్చే విశ్వవిద్యాలయం చూసుకోండి. ఇది చేయకుండా చేరినవాళ్లు మొదటి పార్శిల్ విప్పినరోజే బెదిరిపోతారు.

ఇంకో మాట. పుస్తకాలు ఫోన్లోనే చదువుకుంటాం, అచ్చువి వద్దు అని ఫారంలో పెడితే ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. నా సలహా మాత్రం అచ్చు పుస్తకమే. షిఫ్టు దిగి వచ్చి, మంచంమీద పడుకొని ఫోన్లో పీడీఎఫ్ చదివేది పది నిమిషాలు కూడా సాగదు. పుస్తకం అయితే కింద గీత గీస్తారు, మార్జిన్లో తెలుగు మాట రాసుకుంటారు.

రెడ్డిపల్లెరోడ్డు:
పదో తరగతి తోనే ఆపేసినోళ్ల సంగతి ఏంది అన్నా? ఇగ్నోలో బీపీపీ అని ఆరు నెలల కోర్సు చేస్తే నేరుగా డిగ్రీలో చేరొచ్చంట కదా.

గుంతకల్లుజంక్షన్:
చేరొచ్చు తమ్ముడూ. పద్దెనిమిదేళ్లు నిండుంటే చాలు. లెక్కలు, సాంఘికశాస్త్రం, కామర్సు, ఈ మూడిట్లో రెండు రాయాలి. కానీ బీపీపీ ఇంటర్ కాదు. అది ఇగ్నో డిగ్రీలో అడుగు పెట్టడానికి మాత్రమే. రేపు ఏదైనా నోటిఫికేషన్లో పది, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలని అడిగితే మధ్యలో ఇంటర్ మెమో చూపించలేవు. డిగ్రీ కేవలం నీ తృప్తికోసం అయితే బీపీపీ బాగుంటుంది. ఉద్యోగం, పదోన్నతి మనసులో ఉంటే ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్ కట్టు. ఐదు సబ్జెక్టులు. ఒక ఏడాది ఆలస్యమైనా ఎవరూ ప్రశ్నించలేని కాగితం చేతికొస్తుంది.

లెక్కలబడి:
ఇప్పుడు సమయం లెక్క. చాలామంది ఇక్కడే మోసపోతారు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదివేది, అసైన్‌మెంటు రాసేది, స్టడీ సెంటర్లో పెట్టే కౌన్సెలింగ్ క్లాసుకు (పాఠం చెప్పి సందేహాలు తీర్చేది) పోయేది, అన్నీ అందులోనే. కొత్త పద్ధతిలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. 120ని 30తో గుణిస్తే 3,600 గంటలు. మూడేళ్లలో ముగించాలంటే ఏడాదికి 1,200, వారానికి 23 గంటలు. ఆదివారం ఎనిమిది గంటలు కూచున్నా మిగతా ఆరు రోజులూ రోజుకు రెండున్నర గంటలు పడతాయి. ఎనిమిది గంటల డ్యూటీ, బస్సులో రానూపోనూ రెండు గంటలు, ఇంట్లో పిల్లలు ఉన్న మనిషికి ఇది ఒక నెల నడుస్తుంది, రెండో నెల్లో తెగిపోతుంది.

కానీ మూడేళ్ల డిగ్రీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఆరేళ్లకు పరిస్తే వారానికి పదకొండున్నర గంటలు. ఇది మనిషి మోయగల బరువు. చేరేటప్పుడే ఒక కాగితం మీద ఇది రాసి గోడకు అంటించుకోండి: నేను వారానికి ఇన్ని గంటలు ఇవ్వగలను, కాబట్టి నా డిగ్రీ ఇన్నేళ్లు. ఎనిమిది గంటలే ఇవ్వగలిగితే ఆరేళ్లలో కూడా కాదు. అప్పుడు ఇంట్లో కొంత పని ఇంకెవరన్నా ఎత్తుకోవాలి. ఆ మాట ఇంట్లోవాళ్లతో చేరే ముందే మాట్లాడాలి.

కొండారెడ్డిబురుజు:
లెక్కలబడి సార్ చెప్పింది బాగుంది, ఒక్కదాంట్లో మాత్రం ఒప్పుకోను. ఆరేళ్లు పెట్టుకుంటే చదువు చల్లారిపోతుంది. మొదటి విడత ఒక పేపర్, రెండో విడత సున్నా, మూడో విడత హాల్‌టికెట్టే తీసుకోరు. ఐదో ఏడు వచ్చేసరికి పదిహేను పేపర్లు మిగిలి ఉంటాయి. గడువు ఉందని తెలిస్తే మనిషి గడువు చివరికే పోతాడు.

లెక్కలబడి:
మీరు చెప్పింది నిజం. అందుకే ఏళ్లు కాకుండా విడతలు లెక్కపెట్టాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. పేపర్లు ఉజ్జాయింపుగా 24 అనుకుందాం. విడతకు మూడు చొప్పున రాస్తే ఎనిమిది విడతలు, అంటే నాలుగేళ్లు. ఇంకా రెండేళ్లు తప్పిన పేపర్లకు, ఇంట్లో పెళ్లికి, ఆసుపత్రికి చేతిలో ఉంటాయి. విడతకు రెండు కంటే తక్కువ ఎప్పుడూ పోవద్దు, నాలుగు కంటే ఎక్కువ ఎత్తుకోవద్దు.

ఇక్కడ తెలియాల్సిన సంగతి: రెండో సంవత్సరం రీ-రిజిస్ట్రేషన్‌కు, అంటే తర్వాతి ఏడాదికి మళ్లీ పేరు నమోదు చేసుకోడానికి, మొదటి సంవత్సరం పాసవ్వాల్సిన పని లేదు. పరీక్ష రాయకపోయినా ఏటా రీ-రిజిస్ట్రేషన్ ఫీజు గడువులోపు కట్టాల. చాలామంది 'ముందు ఇవి పాసవుదాం, తర్వాత కడదాం' అని ఆపేస్తారు. దాంతో ఆ సంవత్సరం పేపర్లు వాళ్లకు తెరుచుకోవు, ఏడాది ఊరికే పోతుంది.

బుడ్డలచేను:
మాది శింగనమల పక్క. జూన్ పరీక్ష అంటేనే భయం. తొలకరి పడితే విత్తనాలు చల్లుకోవాలా, పరీక్షకు పోవాలా?

పెన్నఒడ్డు:
సేద్యం చేసేవాళ్లకు జూన్, డిసెంబరు ఒకటి కాదు. అనంతపురం మెట్టలో శనక్కాయ విత్తు జూన్, జులైలో వాన ఎప్పుడు పడితే అప్పుడు. జూన్ విడత పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే జులై దాకా సాగుతాయి. వాన తేదీ ముందే తెలియదు కాబట్టి జూన్‌కు ఒక్క పేపర్, లేదా రెండు చిన్నవి మాత్రం పెట్టుకోండి. పెద్దవి నాలుగు డిసెంబరుకు తొయ్యండి. ఏడాదికి ఐదు. ఐదేళ్లలో అయిపోతుంది. పైన చెప్పిన 'విడతకు రెండు' లెక్క ఉద్యోగస్తులకు, మనకు ఏడాది లెక్కే కుదురుతుంది.

అయితే డిసెంబరులో ఇంకో చిక్కు ఉంది. డిసెంబరు పరీక్షకు అసైన్‌మెంట్లు ఇచ్చే గడువు మామూలుగా సెప్టెంబరు చివర, అక్టోబరులో పడుతుంది. చెట్లు పీకి కాయ ఒలిచే పని అక్టోబరు, నవంబరుల్లో. కాబట్టి అసైన్‌మెంట్లు కలుపు అయిపోయినాక, ఆగస్టులో మొదలుపెట్టి సెప్టెంబరు పదిహేనుకు ఇచ్చేయండి. గడువు పొడిగిస్తారు అని ఎదురుచూడొద్దు. పొడిగించినా అప్పటికి మీరు చేలో ఉంటారు. నల్లరేగడిలో శనగ వేసే నంద్యాల పక్కవాళ్లకు కూడా అక్టోబరు, నవంబరు విత్తు కాలమే, ఇదే లెక్క. ఆదోని పక్క పత్తి తీత నవంబరులో మొదలైతే డిసెంబరు కూడా బరువే. వాళ్లు జూన్, డిసెంబరులకు సమంగా పంచుకోవడం మేలు.

బుడ్డలచేను:
ఆగస్టు అసైన్‌మెంట్ల సంగతి ఎవరూ చెప్పలేదు అన్నా. ఇది బాగా పనికొచ్చేది.

కోటిరెడ్డివీధి:
అసైన్‌మెంట్ల గురించి వివరంగా రాస్తా. మన వాళ్లు అతి తేలిగ్గా తీసుకునేది, మార్కులు అతి తేలిగ్గా వచ్చేదీ ఇదే.

మొత్తం మార్కుల్లో అసైన్‌మెంటు 30 శాతం, పరీక్ష 70 శాతం. డిగ్రీలో రెండిట్లోనూ విడివిడిగా 35 రావాలి. ఉదాహరణకు అసైన్‌మెంటులో 70, పరీక్షలో 40 వచ్చిందనుకోండి. 70లో 30 శాతం 21, 40లో 70 శాతం 28, మొత్తం 49. అదే అసైన్‌మెంటులో 40 వస్తే 12, మొత్తం 40. చేతిలో పుస్తకం పెట్టుకొని ఇంట్లో రాసిన దాంతో తొమ్మిది మార్కులు తేడా.

చరిత్ర, రాజనీతిశాస్త్రం లాంటి ఆరు క్రెడిట్ల పేపర్ అసైన్‌మెంటు ఎట్లా ఉంటుందంటే: 500 పదాల ప్రశ్నలు రెండు, ఒక్కోదానికి 20 మార్కులు. 250 పదాలవి మూడు, పదేసి. 100 పదాలవి ఐదు, ఆరేసి. మొత్తం 2,250 పదాలు. చేత్తోనే రాయాలి, టైపు చేసింది తీసుకోరు. ఏ4 కాగితంలో ఒకపక్కే రాస్తే పదిహేను, పద్దెనిమిది పేజీలు. రోజుకు ఒక పెద్ద ప్రశ్న లేదా రెండు మధ్యస్థం పెట్టుకుంటే వారంలో ఒక పేపర్ అయిపోతుంది.

పై కాగితం మీద ఎన్‌రోల్‌మెంట్ నెంబరు, పేరు, ప్రోగ్రాం కోడ్ (మీ డిగ్రీది), కోర్సు కోడ్ (ఆ పేపర్‌ది), స్టడీ సెంటర్ కోడ్, తేదీ, సంతకం. కోర్సు కోడ్‌లో ఒక అంకె తప్పితే మార్కులు వేరే పేపర్‌కు పోతాయి, లేదా ఎక్కడికీ పోవు. ఒక్కో పేపర్‌ను విడిగా దారంతో కట్టండి. అన్నీ కలిపి ఒకే కట్ట చేసి ఇస్తే సెంటర్లో విడదీసేటప్పుడు కాగితాలు తారుమారవుతాయి.

ప్రశ్నపత్రం ఏ విడతదో చూసుకోండి. పోయిన ఏడాది ప్రశ్నలకు జవాబులు రాసి ఇస్తే తిప్పి పంపుతారు. జెరాక్స్ షాపుల్లో దొరికే 'సాల్వ్డ్ అసైన్‌మెంట్లు' కొని మక్కీకి మక్కీ దింపొద్దు. ఒకే సెంటర్‌కు ఒకే జవాబు పదిమంది నుంచి వస్తే దిద్దేవాళ్లకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్లో ఫోటో తీసి, పేపర్ పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి. రసీదు మీద సెంటర్ ముద్ర, తేదీ వేయించుకోండి. మార్కులు గ్రేడ్ కార్డులో ఎక్కకపోతే ఆ రసీదే మీ చేతిలో ఉన్న ఆధారం. పరీక్ష ఫలితం వచ్చి రెండు నెలలైనా అసైన్‌మెంటు గడి ఖాళీగా ఉంటే ముందు స్టడీ సెంటర్‌కు పోండి, తర్వాత రసీదు స్కాన్‌తో ప్రాంతీయ కేంద్రానికి మెయిల్ పెట్టండి. చివరి ఏడాది దాకా ఆగితే, పాత అసైన్‌మెంటు ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడం కష్టం.

ఆయిషాటీచర్:
ఆడవాళ్లకు, ముఖ్యంగా పెళ్లైనవాళ్లకు పేరు సమస్య. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (డెబ్ వెబ్‌సైట్లో తీసుకునే నెంబరు) కావాలి, దానికి ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు జమయ్యే ఖాతా నెంబరు) కావాలి, ఏబీసీ ఐడీ ఆధార్ నుంచి పుడుతుంది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే, అన్ని కాగితాల్లోనూ ఆ తేడా పాకుతుంది. మా వాళ్లలో ఇంకో రకం: మెమోలో 'ఎస్.కె.' అని ఉంటుంది, ఆధార్‌లో 'షేక్' అని ఉంటుంది. ఒకచోట 'బీ', ఇంకోచోట 'బేగం'.

మెమో మార్చడం కష్టం, ఆధార్ మార్చడం తేలిక. పదో తరగతి మెమోలో ఎట్లా ఉందో అక్షరం పొల్లుపోకుండా ఆధార్‌ను అట్లా మార్పించుకోండి. పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టినతేదీకి ఒక్కసారే. అందుకని ఆధార్ సెంటర్లో టైపు చేసినాక స్క్రీన్ మీద ఇంగ్లీషు స్పెల్లింగ్, తెలుగు స్పెల్లింగ్ రెండూ చదివి చూసి, అప్పుడే సరే అనండి. తెలుగు దానంతట అదే వచ్చేటప్పుడు పేరు వింతగా మారిపోతుంటుంది. ఆధార్‌కు మీ ఫోన్ నెంబరే లింక్ అయిందా చూడండి. భర్త నెంబరో, పిల్లల నెంబరో ఉంటే ఓటీపీ వాళ్లకు పోతుంది, ఫారం మధ్యలో ఆగిపోతుంది. ఇవన్నీ అడ్మిషన్ మొదలయ్యే రెండు నెలల ముందే ముగించుకోవాలి. చివరి వారంలో ఆధార్ మార్పుకు పెట్టి, గడువు దాటిపోయినవాళ్లు ప్రతి విడతలోనూ ఉంటారు.

రెడ్డిపల్లెరోడ్డు:
బస్టాండు దగ్గర ఒక ఆఫీసులో 'ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ, పోయిన ఏళ్ల తేదీతో ఇప్పిస్తాం' అంటున్నారు. మనిషి చూడను మర్యాదగా ఉన్నాడు.

గుంతకల్లుజంక్షన్:
అది డిగ్రీ కాదు తమ్ముడూ, పోలీసు కేసు. మూడేళ్ల డిగ్రీని ఎవరూ ఒక్క సిట్టింగ్‌కు కుదించలేరు. పాత తేదీ అంటే నువ్వు చదవని కాలానికి కాగితం. ఉద్యోగంలో చూపిస్తే వెరిఫికేషన్‌కు విశ్వవిద్యాలయానికి పోతుంది, అక్కడ నీ పేరు ఉండదు. ఆ రోజు డబ్బు తీసుకున్నవాడు కనపడడు, సంతకం పెట్టింది నువ్వు.

గుర్తుపట్టే పద్ధతి: నీ డెబ్ ఐడీ అడగలేదంటే, డబ్బు విశ్వవిద్యాలయం పోర్టల్‌లో కాకుండా వాడి ఫోన్‌పే నెంబరుకు పోతుందంటే, వేరే రాష్ట్రం ప్రైవేటు విశ్వవిద్యాలయం 'స్టడీ సెంటర్' అని మన ఊళ్లో బోర్డు పెట్టిందంటే, బయటికి వచ్చెయ్. దూరవిద్యను ఫ్రాంచైజీకి ఇవ్వడాన్ని యూజీసీ ఒప్పుకోదు.

దీంతోపాటే ఇంకోటి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, ఇవి దూరవిద్యలో చెల్లవు. సైకాలజీ, న్యూట్రిషన్ లాంటివి కూడా 2025 జులై విడత నుంచి దూరవిద్యలో ఆపేశారు. అవి ఇస్తామని ఎవరన్నా అంటే ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది.

ఏడురోడ్లు:
సక్రమంగా చదివిన దూరవిద్య డిగ్రీకి ఆఫీసుల్లో విలువ ఉంటుందా? చాలామంది 'అది ఓపెన్‌ది కదా' అంటుంటారు.

పాతబస్తీపంతులు:
గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. ఎవరన్నా అభ్యంతరం పెడితే ఆ ప్రకటన ప్రింటు, మీరు చేరిన విడతకు తీసిన డెబ్ పేజీ స్క్రీన్‌షాట్, రెండూ ముందు పెట్టండి. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం చేరే ముందే పై అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకొని సర్వీసు ఫైల్లో పెట్టించుకోవాలి. తర్వాత సర్వీసు రిజిస్టర్లో అర్హత ఎక్కించేటప్పుడు ఆ కాగితమే అడుగుతారు. ఇంకో సంగతి, రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు దూరవిద్యకు రాదు. ఆ డబ్బు వస్తుందని లెక్క వేసుకోవద్దు.

రాత్రిషిఫ్టు:
పరీక్ష రోజు సంగతి చెప్పండి. పదిహేనేళ్లయింది మూడు గంటలు కూచుని రాసి.

కోటిరెడ్డివీధి:
పరీక్షలు రెండు పూటలు, పొద్దున పది నుంచి, మధ్యాహ్నం రెండు నుంచి. డేట్‌షీట్ రాగానే మీ పేపర్లు గుర్తుపెట్టి, ఆ రోజులకే సెలవు అడగండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా పది గంటల పేపర్‌కు పోవద్దు. ముందురోజు రాత్రి డ్యూటీ మార్చుకోండి. ఆదోని నుంచో, ప్రొద్దుటూరు నుంచో వచ్చేవాళ్లు పరీక్ష ఫారంలో సెంటర్ ఎంచుకునేటప్పుడు ఫారం తెరిచిన మొదటి వారంలోనే నింపండి. సీట్లు నిండితే వేరే ఊరు వేస్తారు.

చెయ్యి సంగతి: పదిహేనేళ్లు పెన్ను పట్టని చెయ్యి గంట తర్వాత బొటనవేలి మొదట్లో పట్టేస్తుంది. అసైన్‌మెంట్లు చేత్తో రాయమనేది దీనికి కూడా మందే. పరీక్షకు నెల ముందు నుంచి వారానికి ఒకసారి, పాత ప్రశ్నపత్రం పెట్టుకొని మూడు గంటలు గడియారం చూసి రాయండి. మొదటిసారి రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి, నాలుగోసారికి అందుకుంటారు. లావుపాటి జెల్ పెన్ను వద్దు, చెయ్యి నొక్కకుండా జారే బాల్ పెన్ను ఒకే రకం మూడు తీసుకోండి, నెలంతా వాటితోనే రాయండి. హాల్‌టికెట్, ఇగ్నో గుర్తింపు కార్డు రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముందురోజే సంచిలో వేసుకోండి.

రాత్రిషిఫ్టు:
డేట్‌షీట్ రాగానే డ్యూటీ చార్టు వేసే సార్‌కు చూపిస్తా. రెండు పేపర్లు ఒకే రోజు పడితే?

కోటిరెడ్డివీధి:
పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి రాయొచ్చు, మధ్యలో గంట ఉంటుంది. ఆ గంటలో చద్దన్నమో, ఇడ్లీయో తేలిగ్గా తిని, రెండో పేపర్ పుస్తకం తెరవకుండా కూచోండి. రెండూ బరువైనవైతే ఒకటి వచ్చే విడతకు వదిలెయ్యండి. ఆ విడతకు పరీక్ష ఫీజు మళ్లీ కట్టాలి, అసైన్‌మెంటు మార్కులు మాత్రం అట్లే ఉంటాయి.